ఇంటి నీళ్ళలో పుట్టే జ్వరం

పొన్నూరులో వానలు మొదలై జ్వరాల మాట వస్తే ఎవరి వేలైనా ముందు కాలువ వైపే లేస్తుంది. తర్వాత మురుగు డ్రైను, ఆ తర్వాత ఊరి చివర నీళ్ళు నిలిచిన వరి చేను. అనుమానం సహజమే. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి పశ్చిమ డెల్టా బతుకంతా కాలువ నీళ్ళతో ముడిపడి ఉంది. తెనాలి నుంచి బాపట్ల దాకా, అటు రేపల్లె దాకా ఎటు వెళ్ళినా నీళ్ళే. దోమ పుట్టేది నీళ్ళలో, నీళ్ళన్నీ ఉన్నది బయట, కాబట్టి రోగమూ బయటి నుంచే వస్తోందని లెక్క కట్టేస్తాం.

చికున్‌గున్యా, డెంగీ జ్వరాల దగ్గర ఈ లెక్క తప్పుతుంది. ఆ రెండింటినీ మోసే దోమ ముఖ్యంగా పుట్టేది మనం పట్టి దాచుకున్న నీళ్ళలో. అది పెరిగేది మన పెరట్లో, దాక్కునేది మన మంచం కింద, కుట్టేది మనల్నే. రోగం ఎక్కడ పుడుతుందో సరిగ్గా తెలియకపోతే ఎంత ఖర్చు పెట్టినా మందు తప్పు చోట పడుతుంది.

మూడు నీళ్ళు, మూడు దోమలు

డెల్టాలో దోమ అంటే ఒక్క జాతి కాదు. నీటిని బట్టి దోమ, దోమను బట్టి రోగం.

వరిమడిలో నిలిచిన నీళ్ళలో పెరిగేది క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్. చీకటి పడ్డాక తిరుగుతుంది, మనిషి కంటే గొడ్డునే ఎక్కువగా కుడుతుంది. కొంగల్లోనూ పందుల్లోనూ ఉండే జపనీస్ మెదడువాపు వైరస్‌ను అప్పుడప్పుడూ మనుషులకు చేరవేసేది ఇదే. మురుగు డ్రైన్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరిగేది క్యూలెక్స్ క్వింక్విఫేసియేటస్. రాత్రిపూట చెవి దగ్గర రొద పెట్టేది చాలావరకు ఇదే. డెల్టా జిల్లాల్లో ముసలివాళ్ళ కాళ్ళ మీద కనిపించే బోదకాలుకు కారణమైన పురుగును మోసిన దోమ కూడా ఇదే.

మూడోది ఏడిస్ ఈజిప్టై. నల్లటి ఒళ్ళు, కాళ్ళ మీద తెల్లటి పట్టీలు. మురుగు నీళ్ళంటే దీనికి పెద్దగా ఇష్టం ఉండదు. మూత లేని డ్రమ్ము, సిమెంటు గాబు, డాబా మీది ట్యాంకు, వాడని రోలు, పాత టైరు, తాగి పారేసిన కొబ్బరిబోండం, కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక నీళ్ళు కారే పళ్ళెం, పూలకుండీ కింది సాసరు: దీని పొలమూ కాలువా ఇవే. పుట్టిన చోటి నుంచి సాధారణంగా నూరు, రెండు వందల మీటర్లకు మించి పోదు. అంటే మిమ్మల్ని కుట్టిన ఏడిస్ మీ ఇంట్లో పుట్టి ఉండాలి, లేదా అదే వీధిలో మరో ఇంట్లో.

పైగా ఇది పగటి దోమ. తెల్లవారిన తర్వాత రెండు మూడు గంటలు, పొద్దుగూకే ముందు రెండు మూడు గంటలు బాగా చురుగ్గా ఉంటుంది. మనమేమో సాయంత్రం కాయిల్ వెలిగించి, రాత్రి దోమతెర దించుకుంటాం. పగలు ఇంట్లో ఉండే ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, ఉయ్యాలలో పడుకున్న పసిపిల్లలు, బడిలో కూర్చున్న పిల్లలు అప్పటికే దానికి దొరికి ఉంటారు. ఇది చడీచప్పుడు లేకుండా చీలమండల దగ్గర చేరుతుంది. విదిలిస్తే లేచి పక్కవాళ్ళ మీద వాలుతుంది. ఒక్క పూట రక్తం కోసం ఇద్దరు ముగ్గుర్ని కుట్టడం దీని అలవాటు. ఒకే ఇంట్లో నలుగురు వరసగా మంచం పట్టడానికి అదొక కారణం.

గుడ్డు నుంచి రెక్కల దాకా

కుట్టేది ఆడదోమే. గుడ్లు కట్టడానికి దానికి రక్తంలోని మాంసకృత్తులు కావాలి. ఒక విడతలో నూరు దాకా గుడ్లు పెడుతుంది. వాటిని నీళ్ళ మీద వదలదు, నీటి మట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు ఒక్కొక్కటే అంటిస్తుంది. ఆ గుడ్డు ఎండినా చావదు. మెట్టపొలంలో పడిన విత్తనం వాన కోసం చూసినట్టు నెలల తరబడి చూస్తుంది. నీటి మట్టం పెరిగి తడి తగిలిందా, పిల్ల బయటికి వస్తుంది.

మన వాతావరణంలో గుడ్డు పగిలిన దగ్గర నుంచి రెక్కల దోమ ఎగిరే దాకా ఏడు నుంచి పది రోజులు పడుతుంది. తొట్టిలో తలకిందులుగా వేలాడుతూ, నీళ్ళు కదిలితే మెలికలు తిరుగుతూ అడుక్కి దిగే పిల్లపురుగులను చూడనివాళ్ళు ఉండరు. వాటికి రెక్కలు రావడానికి మిగిలింది కొద్ది రోజులే.

దోమ పుట్టుకతోనే రోగం తెచ్చుకోవడం అరుదు. జ్వరం ఉన్న మనిషిని కుట్టినప్పుడు వైరస్ దాని పొట్టలోకి చేరుతుంది. అక్కడ పెరిగి, ఒళ్ళంతా పాకి, లాలాజల గ్రంథుల్లోకి వచ్చాకే దోమ ఇతరులకు అంటించగలదు. డెంగీ వైరస్‌కు ఈ ప్రయాణం ఎనిమిది నుంచి పన్నెండు రోజులు. చికున్‌గున్యా వైరస్ చాలాసార్లు వారం లోపే ముగిస్తుంది. దోమ ఆయుష్షు రెండు నుంచి నాలుగు వారాలు. ప్రయాణం ఎంత త్వరగా ముగిస్తే అంత ఎక్కువ మందిని కుట్టే వ్యవధి దొరుకుతుంది. చికున్‌గున్యా వస్తే వీధి వీధంతా ఒకేసారి పడకేయడానికి కారణాల్లో ఇదొకటి.

ఇక దూరాల సంగతి. దోమ వీధి దాటదు గాని మనిషి దాటుతాడు. జ్వరం పైకి కనిపించే ముందు రోజే రక్తంలో వైరస్ ఉండవచ్చు. అలాంటి మనిషి తెనాలిలో బస్సెక్కి పొన్నూరులో దిగినా, బాపట్లలో రైలెక్కి పొన్నూరు వాళ్ళ నిడుబ్రోలు స్టేషన్లో దిగినా వైరస్ కూడా దిగినట్టే. దిగిన చోట గాబుల్లో ఏడిస్ ఉంటే దాని పని మొదలవుతుంది, లేకపోతే ఆ మనిషితోనే ఆగిపోతుంది. మనిషి రాకపోకల్ని ఆపలేం. గాబును మాత్రం మన చేతిలో పెట్టుకోవచ్చు.

నీళ్ళు కరువైన చోటే ఎందుకు?

చికున్‌గున్యా ప్రపంచానికి మొదట తెలిసింది 1952-53లో, నేటి టాంజానియా దక్షిణాన మకొండే పీఠభూమి మీద. రోగ లక్షణాలను మారియన్ రాబిన్సన్, వ్యాప్తి తీరును లమ్స్‌డెన్ 1955లో ప్రకటించారు. ఆ పీఠభూమి మీద నీళ్ళు దొరకడం కష్టం. దూరం నుంచి మోసుకొచ్చి ఇంట్లో కుండల్లో దాచుకునేవారు.

మన దేశంలో ఈ వైరస్ బయటపడింది 1963లో కలకత్తాలో. 1964లో మద్రాసులో, 1965లో విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలో జ్వరాలు రేగాయి. 1973లో మహారాష్ట్రలోని బార్శీ తర్వాత దాదాపు ముప్ఫై రెండేళ్ళు దాని జాడ పెద్దగా లేదు. ఒక తరం డాక్టర్లు దాన్ని పుస్తకాల్లో తప్ప చూడలేదు.

2004లో కెన్యా తీరంలోని లామూ దీవిలో అది మళ్ళీ లేచింది. తర్వాత చేసిన రక్తపరీక్షల్లో అక్కడి జనంలో నాలుగింట మూడొంతుల మందికి సోకినట్టు తేలింది. అది వానలు లేని కాలం. దాచుకున్న నీళ్ళను జనం తరచూ మార్చుకోలేకపోవడం వ్యాప్తికి తోడ్పడి ఉంటుందని పరిశోధకులు భావించారు. అక్కడి నుంచి హిందూ మహాసముద్రం మీదుగా కొమొరోస్‌కు, రీయూనియన్‌కు పాకింది. రీయూనియన్‌లో జనాభా సుమారు 7.7 లక్షలు. అందులో మూడో వంతు మందికి వచ్చింది.

2005 చివర అది ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టింది. మొదట వార్తలు వచ్చింది ఏ జిల్లాల నుంచి? గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి కాదు. అనంతపురం, కడప, చిత్తూరు. రాష్ట్రంలో నీళ్ళకు బాగా కటకటపడే జిల్లాలవి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఇది 1963 నాటి ఆసియా రకం కాదు, ఆఫ్రికా నుంచి వచ్చిన రకమని తేల్చారు. 2006లో దేశం మొత్తం మీద సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు ఏ లెక్కకూ ఎక్కలేదు.

మకొండే, లామూ, అనంతపురం. మూడు చోట్లా నీళ్ళ కటకటే. ఏడిస్‌కు కావలసింది నీళ్ళ సమృద్ధి కాదని, నీళ్ళను దాచుకోవలసిన అవసరమని ఈ మూడూ చెబుతున్నాయి. కుళాయి రోజూ రాని చోట డ్రమ్ము నిండుతుంది. రేపు వస్తుందో రాదో తెలియనప్పుడు ఉన్న నీళ్ళు పారబోయడానికి ఎవరికీ చేయి రాదు.

చుట్టూ కాలువలున్న డెల్టాకు ఈ బాధ లేదనుకోకండి. ఎండాకాలం కాలువలు కట్టేస్తే ఊళ్ళు మంచినీటి చెరువుల మీద ఆధారపడతాయి. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ బోరు వేస్తే ఉప్పు నీళ్ళు పడతాయి. అందుకే బాపట్ల, రేపల్లె వైపు పల్లెల్లో ఎదురుగా కాలువ పారుతున్నా ఇంటి ముందు డ్రమ్ములు వరసగా కనిపిస్తాయి.

ఒంట్లో ఏం జరుగుతుంది

వైరస్ ఉన్న దోమ కుట్టాక సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల్లో జ్వరం వస్తుంది. చికున్‌గున్యా జ్వరం మెల్లగా రాజుకునే రకం కాదు. పొద్దున పనిలోకి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి 102, 103 డిగ్రీలతో వణుకుతాడు. మణికట్టు, వేళ్ళ కణుపులు, చీలమండలు, మోకాళ్ళు రెండు వైపులా పట్టేస్తాయి. కొందరికి ఒంటి మీద ఎర్రటి దద్దు లేస్తుంది. జ్వరం ఎక్కువ మందికి వారంలోపే తగ్గుతుంది. నొప్పులు మాత్రం జ్వరంతో పోవు. పేరు చికెన్‌లా వినిపించినా కోడికీ ఈ జ్వరానికీ ఏ సంబంధమూ లేదు కనుక కోడికూర మానుకోనక్కర్లేదు.

మొదటి రెండు మూడు రోజుల్లో ఇది చికున్‌గున్యానా, డెంగీనా అన్నది చూపును బట్టి చెప్పడం డాక్టరుకైనా కష్టం. అందుకే ఒక జాగ్రత్త: డెంగీ కాదని తేలేదాకా నొప్పికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. డెంగీలో అవి రక్తస్రావానికి దారి తీయవచ్చు. త్వరగా లేచి పనిలోకి పోవాలని మొదట్లోనే స్టెరాయిడ్ సూది అడిగి వేయించుకోవడం మరీ ప్రమాదం. డెంగీని జ్వరం మొదలైన అయిదు రోజుల్లోపు ఎన్ఎస్1 పరీక్షతో పట్టుకోవచ్చు. ఆ తర్వాతైతే రెండు జ్వరాలకూ ఐజీఎం ఎలీసా చేస్తారు. ప్రభుత్వం ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో ఈ పరీక్షకు పుణె సంస్థ తయారుచేసిన కిట్లనే వాడతారు.

డెంగీలో అసలు గండం జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, తగ్గేటప్పుడు. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య ఒళ్ళు చల్లబడుతుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరడం మొదలయ్యేది అప్పుడే. ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ళలో రక్తం, మగత లేదా అస్థిమితం, మూత్రం తగ్గడం: వీటిలో ఏది కనిపించినా రాత్రి అని చూడకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి భయపడి ఎక్కించమని ఒత్తిడి చేయడం వల్ల మేలు లేదు. రక్తస్రావం లేనివాళ్ళకు సాధారణంగా అంకె పదివేల కిందికి దిగితే తప్ప ఎక్కించనక్కర్లేదు. రోగిని నిలబెట్టేది సరైన లెక్కలో ద్రవాలు, గంట గంటకూ కనిపెట్టి చూడటం. బొప్పాయి ఆకు పసరును నమ్ముకుని ఆ గంటలు పోగొట్టుకోకూడదు.

చికున్‌గున్యా ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ రావడం చాలా అరుదు. డెంగీ అలా కాదు. దాని వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గాక ఇంకో రకం సోకితే రోగం ముదిరే ప్రమాదం ఎక్కువ. నాకు ఒకసారి వచ్చిపోయిందిలే అన్న ధీమా డెంగీ దగ్గర పనికిరాదు.

నొప్పులతో నెలలు

చికున్‌గున్యాతో చావు అరుదు. అయినా ఈ జ్వరాన్ని చిన్నచూపు చూడలేం. దాని అసలు ఖరీదు నెలల్లో ఉంటుంది. వైరస్ కీళ్ళ చుట్టూ ఉన్న కణజాలంలో చేరుతుంది. రక్తంలో వైరస్ పోయాక కూడా అక్కడ వాపు రగులుతూనే ఉంటుంది. పొద్దున లేవగానే వేళ్ళు ముడవలేకపోవడం, కూర్చుంటే లేవలేకపోవడం చాలామందికి కొన్ని వారాలు, కొందరికి నెలలు, కొద్దిమందికి ఏళ్ళు సాగుతాయి. నలభై దాటినవాళ్ళకు, ముందే కీళ్ళ జబ్బు ఉన్నవాళ్ళకు ఇది మరీ ఎక్కువ.

డెల్టా పనుల్ని ఒకసారి తలుచుకోండి. నాట్లు, కలుపు, మినప చేను పీకడం, పాలు పిండటం. అన్నీ వంగి చేసేవి, వేళ్ళతో చేసేవి. జ్వరాలు ఎక్కువయ్యే ఆగస్టు నుంచి నవంబరు వరకు పొలం పని కూడా ముమ్మరంగా ఉంటుంది. కూలి మీద బతికే ఆవిడకు మణికట్టు పట్టేస్తే పోయేది మందుల డబ్బు కాదు, ఆ కారు కూలి మొత్తం.

జ్వరం ఉన్న వారం విశ్రాంతి, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు, ఓఆర్‌ఎస్ పుష్కలంగా ఇవ్వాలి. పగలు కూడా రోగిని దోమతెరలోనే పడుకోబెట్టాలి. ఆ వారం రోగి రక్తంలో వైరస్ దండిగా ఉంటుంది కనుక తెర ఇంట్లో మిగతావాళ్ళను కాపాడుతుంది. జ్వరం పోయాక కీళ్ళను పూర్తిగా కదలకుండా ఉంచితే బిగుసుకుపోతాయి. వేళ్ళు తెరిచి ముడవడం, చీలమండలు తిప్పడం, మెల్లగా నడవడం రోజూ చేస్తూ నొప్పి ఒప్పుకున్నంత మేరకే పెంచుకుంటూ పోవాలి. మూడు నెలలు దాటినా వాపు తగ్గకపోతే కీళ్ళ వాత నిపుణుడికి చూపించాలి. దీర్ఘకాలపు వాపుకు వేరే మందులున్నాయి. అవి ఆయన పర్యవేక్షణలోనే వాడాలి.

నిండు చూలాలికి కాన్పు సమయంలో ఈ జ్వరం ఉంటే సంగతి వేరు. రీయూనియన్‌లో అలాంటి తల్లులకు పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి వైరస్ సోకింది. వాళ్ళలో కొందరికి మెదడు దెబ్బతింది. అటువంటి కాన్పు పెద్దాసుపత్రిలోనే జరగాలి.

వారానికి ఒక పూట

దోమ పెరగడానికి కనీసం ఏడు రోజులు కావాలి. ప్రతి ఏడు రోజులకు ఒకసారి దాని పెంపకాన్ని భగ్నం చేస్తే రెక్కలు రావు. ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ ఫ్రైడే డ్రైడే అంటూ ఆశా కార్యకర్తల్ని, ఏఎన్ఎంలను ఇంటింటికీ పంపడం వెనక ఉన్న లెక్క ఇదే. తెలంగాణలో 2020లో ప్రచారం చేసిన ఆదివారం పది గంటలకు పది నిమిషాల కార్యక్రమం కూడా ఈ ఏడు రోజుల లెక్క మీదే నిలబడింది.

ఆ పూట చేయాల్సినవి కొన్నే. గాబు, తొట్టి, డ్రమ్ము ఖాళీ చేయాలి. ఒట్టి ఖాళీ సరిపోదు. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి కొబ్బరి పీచుతోనో బ్రష్‌తోనో గోడలు గట్టిగా రుద్ది కడగాలి. నీళ్ళు పట్టాక మూత వేయాలి. మూత లేకపోతే పాత ధోవతి రెండు మడతలు వేసి తాడుతో బిగించి కట్టాలి. డాబా మీది ట్యాంకు మూత విరిగిందేమో ఎక్కి చూడాలి. టైర్లు, బోండాలు, చిప్పలు, పగిలిన బకెట్లు వాన పడని చోటికి చేర్చాలి. ఫ్రిజ్ పళ్ళెం, కూలర్ మరవకూడదు. నీళ్ళు పారబోయలేని ట్యాంకులకు సిబ్బంది టెమిఫాస్ మందు వేస్తారు, జనం నోట అది అబేట్. తగిన మోతాదులో తాగునీళ్ళలో వేసినా హాని లేదు. వాడని బావుల్లో, పెద్ద తొట్టెల్లో గంబూసియా చేపలు పిల్లపురుగుల్ని తినేస్తాయి.

పురపాలక సంఘం చేసే పనులకూ ఒక లెక్క ఉంది. డ్రైన్లలో ఆయిల్ బాల్స్ వేస్తే క్యూలెక్స్ తగ్గుతుంది, రాత్రి నిద్ర పడుతుంది. ఏడిస్‌కు తేడా రాదు. రోడ్డు పక్కన చల్లే బ్లీచింగు పొడికి దోమ చావదు. వీధిలో వదిలే పొగ ఆ వేళకు బయట ఎగిరే దోమల్ని చంపుతుంది. ఏడిస్ అప్పుడు ఇంట్లో, వేలాడే బట్టల వెనక ఉంటుంది. పిల్లపురుగులు తొట్టిలో అలాగే ఉంటాయి. జ్వరాలు రేగినప్పుడు రోగి ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్ళలో పొగ పెట్టడం అక్కరకు వస్తుంది. మిగతా రోజుల్లో అది కంటికి కనిపించే పని మాత్రమే.

కొత్త ఆయుధాలు రావచ్చు. హైదరాబాదు భారత్ బయోటెక్ చికున్‌గున్యా టీకాను మనుషులపై పరీక్షల దశకు తెచ్చింది. డెంగీ టీకా తయారీకి బయొలాజికల్ ఇ సంస్థ 2024లో జపాన్‌కు చెందిన టకేడాతో ఒప్పందం చేసుకుంది. ఇండోనేసియాలోని యోగ్యకర్తలో వోల్బాకియా అనే బాక్టీరియా ఉన్న ఏడిస్ దోమల్ని వదిలిన పేటల్లో డెంగీ 77 శాతం తగ్గింది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా అలాంటి దోమల్ని పెంచింది. ఇవి ఇంటింటికీ చేరేదాకా మనకున్నది పీచు, మూత, శుక్రవారం.

ఒక ఇల్లు శుభ్రంగా ఉంటే చాలదు. దోమ నూరు మీటర్లు పోగలదు కాబట్టి వీధిలో ఇరవై ఇళ్ళవాళ్ళు రుద్ది, ఇరవై ఒకటో ఇంటికి తాళం వేసి ఉంటే అందరి శ్రమా ఆ తాళం వేసిన ఇంటి ట్యాంకులో కొట్టుకుపోతుంది. అలాంటి ఇళ్ళ తలుపు తీయించడం, ఖాళీ స్థలాల్లో చెత్త ఎత్తించడం వీధివాళ్ళు అడిగి చేయించుకోవాల్సిన పని.

అడగవలసింది ఇంకొకటి ఉంది, అది అన్నిటికంటే పెద్దది. డ్రమ్ముకు మూత పెట్టమని ఇల్లాలికి చెప్పే అధికారులు ఆ డ్రమ్ము అక్కడికి ఎందుకు వచ్చిందో కూడా చూడాలి. కుళాయి నీళ్ళు రోజూ వేళకు వస్తే సగం డ్రమ్ములు వాటంతటవే పోతాయి. మంచినీటి పైపు వేసే ఇంజనీరు తనకు తెలియకుండానే చికున్‌గున్యా నివారణ చేస్తున్నాడు. పొన్నూరు లాంటి ఊళ్ళో జ్వరాల మీద సమీక్ష జరిగితే వైద్యాధికారి పక్కన నీటి సరఫరా అధికారికి కూడా కుర్చీ వేయాలి. ఏ వీధికి ఎన్ని రోజులకు ఒకసారి నీళ్ళు వదులుతున్నారో ఆ పట్టిక, ఏ వీధిలో ఎన్ని జ్వరాలు వచ్చాయో ఈ పట్టిక పక్కపక్కన పెట్టి చదవాలి. ఆ పట్టికలు అడిగే హక్కు వార్డులో ప్రతి ఒక్కరికీ ఉంది.